బుడే సెంటర్

చిలకలూరిపేటలో బోర్డులు రాసేవాళ్ళు ఆ రోజుల్లో అయిదారుగురు ఉండేవాళ్ళు. మిగతావాళ్ళంతా ఏం రాయమంటే అది రాసి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. బుడే అలాంటివాడు కాదు. రేకూ, బ్రష్షులూ, రంగు డబ్బాలూ సైకిలు వెనక కట్టుకుని వచ్చి, ముందు ఆ కొట్టుకి ఎదురుగా అరగంటసేపు ఊరికే గొంతుకూర్చుని చూసేవాడు. ఎంతమంది వస్తున్నారు, వచ్చినవాళ్ళు కొనుక్కుని పోతున్నారా, కూర్చుని కబుర్లాడుతున్నారా, బండ్లు ఆగుతున్నాయా, అన్నీ చూసుకుని అప్పుడు డబ్బా మూత తీసేవాడు.

"మీది కొట్టండీ. కేంద్రం కాదు," అనేవాడు మొహం మీదే.

ఒక ఎరువుల వ్యాపారికి ఒళ్ళు మండింది. "డబ్బిచ్చేది నేను. కేంద్రం అని రాయమంటే రాయి. నీకెందుకయ్యా మిగతా గోల?"

"రాస్తే రేపు జనం నవ్వేది మిమ్మల్నేనండీ. పదిమంది వచ్చి కొనుక్కుపోతే కొట్టు. లారీలు వచ్చి సరుకు దించిపోతే డిపో. బస్తాలు దిగి, వేలంపాట జరిగితే యార్డు. నాలుగూళ్ళవాళ్ళు వారానికోసారి వస్తే సంత. ఏ పనీ లేనివాడు కూడా పొద్దున్నే లేచి ఎక్కడికొచ్చి నిలబడతాడో, అదండీ సెంటరంటే. మీ కొట్టు ముందర పని లేనివాడు ఒక్కడన్నా నిలబడ్డాడా?"

వ్యాపారి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చివరికి 'ఎరువుల కొట్టు' అనే రాయించుకున్నాడు. పేట అంతా ఈ చాదస్తానికి నవ్వుకునేది. నవ్వుకుంటూనే రాయించుకునేది, ఎందుకంటే బుడే గుండ్రంగా తిప్పిన 'ళ' కారం ఆ చుట్టుపక్కల మరొకడి చేతికి రాలేదు.

బుడే తండ్రి దూది ఏకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పెళ్ళిళ్ళవాళ్ళకి పరుపులు కుట్టి పెట్టేవాడు. పత్తి మిల్లులొచ్చాక ఆ విల్లు అటకెక్కింది, దానితోపాటు ఆ కులవృత్తీ ఎక్కింది. మిల్లు గేటు మీద పేరు రాస్తున్న ఒక పెయింటరు దగ్గర రంగు కలపడానికి చేరి, బుడే ఈ విద్య పట్టుకున్నాడు. తండ్రి అన్నం లాక్కున్న మిల్లే కొడుక్కి అన్నం పెట్టింది. అలాంటివాటికి ఏడవాలో నవ్వాలో బుడేకి ఎప్పుడూ తెలియలేదు.

ఉన్నదాన్నే రాస్తాను, లేనిదాన్ని రాయను అని పట్టుబట్టిన ఆ మనిషి తన జన్మలో ఆ మాట రెండుసార్లు తప్పాడు. మొదటిది చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండోది చెప్పుకోకపోతేనే బాగుండేది.

మొదటిసారి తప్పింది ఎనభై రెండులో. బుడే సొంతూరు నల్లగుంటపాడు. పేట నుంచి వచ్చే పెద్దరోడ్డు మీద ఆ ఊరికి చీలే మట్టిబాట దగ్గర రెండు తుమ్మచెట్లూ, ఒక తూమూ తప్ప ఏమీ ఉండేవి కావు. బస్సు అక్కడ ఆగేది కాదు. మైలున్నర అవతల దిగి వెనక్కి నడిచి రావాలి. జనం ఆ చోటుని అడ్డరోడ్డు అనేవాళ్ళు. ఒకరోజు మిగిలిపోయిన రేకుకి పచ్చరంగు పూసి, దాని మీద నల్లగా 'నల్లగుంటపాడు సెంటర్' అని రాసి, బుడే దాన్ని తుమ్మచెట్టుకి కొట్టాడు. ఊరంతా విరగబడి నవ్వింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట! ఒరేయ్ బుడే, రెండు తుమ్మచెట్లు సెంటరేందిరా?"

"మీరు నవ్వటానికొచ్చి నిలబడ్డారుగా," అన్నాడు బుడే. "మొదలైంది చూడండి."

మొదలయిన మాట నిజమే. బోర్డు చూసి ఒక డ్రైవరు బ్రేకు వేశాడు. వారానికి నలుగురు ఆపారు. బుడే పెళ్ళాం జోహరాబీ చెట్టు కింద పొయ్యి పెట్టి టీ కాచింది. జక్రయ్య అనేవాడు పంపు తెచ్చుకుని సైకిళ్ళకి గాలి కొట్టసాగాడు. పత్తి లారీలు టీ కోసం ఆగాయి. రెండేళ్ళు తిరిగేసరికి కండక్టర్లు టికెట్ కొడుతూ "బుడే సెంటరా?" అని అడగటం మొదలుపెట్టారు. బోర్డు మీద రాసిన పేరు ఎవరూ అనలేదు. రాసినవాడి పేరే నిలబడింది. బుడే పైకి విసుక్కునేవాడు గానీ, ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతని ఛాతీ వెడల్పయ్యేది.

అయితే ఆ చోటుని నిజంగా సెంటరు చేసింది బోర్డూ కాదు, టీ కూడా కాదు. దేవకుమారి.

దేవకుమారి పల్లెలో ముఠా మేస్త్రి. పల్లె అంటే ఊరికి తూర్పున, చర్చి చుట్టూ ఉన్న కూలీల ఇళ్ళు. పత్తి తీతకైనా, మిరపకాయ కోతకైనా రైతు వచ్చి ఆమెతోనే మాట్లాడుకోవాలి. ఆమె వెనక నలభైమంది ఆడవాళ్ళు. అంతకు ముందు వాళ్ళంతా తెల్లారేసరికి ఊళ్ళో హోటలు ముందు నిలబడేవాళ్ళు. కూర్చోవటానికి లేదు. టీ తాగాలంటే చూరులో బోర్లించిన వేరే గ్లాసులు తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. జోహరాబీ పొయ్యి దగ్గర గ్లాసులన్నీ ఒకే బకెట్లో ఉండేవి. లారీ డ్రైవరు తాగిన గ్లాసులోనే దేవకుమారి తాగింది. మొదటిరోజు ఆమె ఆ గ్లాసు కడగబోతే జోహరాబీ దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుంది.

"కడగటానికి నేనున్నాగదే. నువ్వు పోయి కూచో."

బుడే ఒక పాత తలుపు తెచ్చి నాలుగు రాళ్ళ మీద పరిచి బెంచీ చేశాడు. మర్నాటి నుంచి దేవకుమారి ముఠా మొత్తం ఊళ్ళో నిలబడటం మానేసి అక్కడికే వచ్చేది. రైతులు గొణుక్కున్నారు, తిట్టుకున్నారు, చివరికి కూలీలు కావాలంటే వాళ్ళూ సైకిలెక్కి అక్కడికే రావలసి వచ్చింది. పత్తి విరగకాచిన ఆ నాలుగేళ్ళూ పొద్దున్న అయిదింటికి ఆ తుమ్మచెట్ల కింద కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు. దేవకుమారి బుడేని అన్నా అనేది, జోహరాబీని వదినా అనేది. ఆమె మొగుడు ఆదాం బుడేకి అలా బావమరిది అయిపోయాడు.

ఎనభై ఏడులో పత్తికి తెల్లదోమ పట్టింది.

ఆ యేడు చుట్టుపక్కల అందరూ పత్తే వేశారు. మిరప వేసినవాడు వెర్రివాడు అనుకునే రోజులవి. ఆకుల అడుగున పిండి చల్లినట్టు దోమ. ఎన్ని మందులు కొట్టినా అది చావలేదు. చేలన్నీ నల్లబడి జిగటగా మాడిపోయాయి. తీయటానికి కాయ లేదు. పొద్దున్నే నలభైమందీ వచ్చి బెంచీ మీదా, తూము మీదా కూర్చునేవాళ్ళు. ఏ రైతూ వచ్చేవాడు కాదు. పదింటిదాకా కూర్చుని లేచిపోయేవాళ్ళు.

అప్పుడొక కండక్టరు బుడేకి ఆ కబురు చెప్పాడు. "ఇక్కడ ఎక్కేవాళ్ళు లేరని డిపోలో రాసుకున్నారు. స్టాపు తీసేద్దామంటున్నారు. సోమవారం నుంచి పదిహేను రోజులు చూస్తారంట. పొద్దుటి ట్రిప్పుకి పదిమందైనా ఎక్కితే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. నా చేతిలో ఏం లేదు బుడే."

ఆ సాయంత్రమే దేవకుమారి వచ్చింది. ఆమె మొహం చాలా రోజులకి తేటగా ఉంది.

"అన్నా, పని దొరికింది. పేట అవతల కొత్త మిల్లులో పుచ్చుపత్తి ఏరే పని. ఎక్కడో పైనుంచి లారీల మీద పత్తి వస్తందంట. మా నలభైమందినీ తీసుకుంటానన్నాడు మేనేజరు. రెండు షిఫ్టులు. మిల్లెనకాల రేకుల షెడ్లల్లో ఉండాల. సోమవారం పోతన్నాం."

 మంచి కబురు విన్న మనిషి మొహం పెట్టాలని బుడే చూశాడు గానీ అది కుదరలేదు.

"సోమవారమేనా? ఆ రోజు నుంచేనమ్మా డిపోవాళ్ళు చూసేది. మీరు పోతే ఇక్కడ ఎక్కేవాళ్ళెవరు? పదిహేను రోజులు ఆగలేవా? రోజూ పదిమంది బస్సెక్కండి. తరవాతి స్టాపులో దిగి నడిచొచ్చెయ్యండి. టికెట్లు నేను కొంటా. స్టాపు నిలబడితే ఇంక ఎవడూ తియ్యలేడు."

జోహరాబీ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "నీకేమన్నా మతి పోయిందా? పనున్న చోటికి పొయ్యేవాళ్ళని ఆపుతావేందయ్యా? వెళ్ళవే దేవకుమారీ, ఆయన మాట వినబాక."

దేవకుమారి బెంచీ మీద కూర్చుంది. పెళ్ళాం మాట విని బుడే అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఊరుకోలేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ప్రతిరోజూ తనని తాను తిట్టుకోబోయే మాట ఒకటి అనేశాడు.

"పత్తి పోతే మళ్ళీ వస్తది. ఈ సెంటరు పోతే రాదు. మిల్లు పని అయ్యాక మీరు తిరిగొచ్చి మళ్ళీ ఊళ్ళో హోటలు ముందరే నిలబడాల. చూరులో గ్లాసులు గుర్తున్నయ్యా?"

 దేవకుమారి బెంచీని అరచేత్తో ఒకసారి నిమిరి, లేచింది.

"పదిహేను రోజులేగా. మిల్లెక్కడికి పోద్దిలే."

ఆ పదిహేను రోజులూ చూసినవాళ్ళకి నవ్వొచ్చేది. పొద్దున్నే పదిమంది ఆడవాళ్ళు, ఏటికేడాది చేలోకి నడిచిపోవటమే తప్ప బస్సు ఎక్కి ఎరగనివాళ్ళు, ముస్తాబై వరసగా నిలబడేవాళ్ళు. మైలున్నర ప్రయాణం. కిటికీ పక్క సీటు కోసం తోసుకునేవాళ్ళు. ఎక్కడికమ్మా అని ఎవరైనా అడిగితే ఒక ముసలామె "ఎక్కడికీ లేదయ్యా, ఊరికే," అని చెప్పి అందరినీ నవ్వించేది. కండక్టరు తెలిసీ తెలియనట్టు టికెట్లు కొట్టేవాడు. దిగగానే అందరూ పక్కున నవ్వుకుంటూ వెనక్కి నడిచేవాళ్ళు, వాళ్ళతోపాటు బుడే కూడా. తొమ్మిదో రోజు తుపాను వాన పట్టుకుంది. ఆ రోజు నవ్వులు లేవు. తడిసి ముద్దయి మైలున్నరా నడిచి వచ్చారు. జోహరాబీ అందరికీ టీ పోసి, మొగుడికి మాత్రం పొయ్యలేదు.

పదహారో రోజు డిపో మనుషులు జీపులో వచ్చి, ఇనప గొట్టం పాతి, రేకు బోర్డు బిగించారు. 'బుడే సెంటర్ - బస్సు నిలుచు స్థలము'. డిపో పెయింటరు చేతి రాత. అక్షరాలు కాళ్ళు విరిగిన మేకల్లా ఉన్నాయి. వేరే రోజైతే బుడే దాన్ని పీకి మళ్ళీ రాసేవాడు. ఆ రోజు మాత్రం దాని కింద నిలబడి, తలెత్తి, నోరు తెరుచుకుని చాలాసేపు చూస్తూనే ఉన్నాడు. ఇంత బతుకులో తనకి కావలసింది అదే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే దేవకుమారిని తీసుకుని తనే మిల్లుకి వెళ్ళాడు. గేటు లోపల పత్తి గుట్టల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏరుతున్నారు. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ముఠా. వాళ్ళ పిల్లలు రేకుల షెడ్ల ముందు ఆడుకుంటున్నారు.

"నీ కోసం పదిహేను రోజులు మిల్లు ఆపుకుని కూచోమంటావా?" అన్నాడు మేనేజరు. అతను చెడ్డవాడేమీ కాదు. అతని గొంతులో కోపం కూడా లేదు. "సోమవారం వస్తానన్నావు. రాలేదు. మంగళవారం వీళ్ళొచ్చారు."

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో బుడే ఏదో అనబోయాడు. దేవకుమారి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మాడిపోయిన చేలు వెనక్కి పోతున్నాయి. కండక్టరు ఉత్సాహంగా అరిచాడు. "దిగాల, దిగాల, బుడే సెంటర్!" దిగింది వాళ్ళిద్దరే.

తెల్లదోమకని తెచ్చిన మందు దోమ మీద పనిచెయ్యలేదు గానీ, మనుషుల మీద బాగా పనిచేసింది. నల్లగుంటపాడులో ఇద్దరు రైతులు తాగారు. పక్క ఊళ్ళో ముగ్గురు. నులకమంచాల మీద మోసుకొచ్చి, గుంటూరు పెద్దాసుపత్రికి పోయే బండి కోసం తుమ్మచెట్ల కింద దింపేవాళ్ళు. ఆ రోజుల్లో మాత్రం సెంటరు నిండా జనం. ఏ పనీ లేనివాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు. తను చెప్పిన లెక్క ప్రకారం ఇది అచ్చంగా సెంటరే అని బుడేకి తోచింది. తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చింత చచ్చినా పులుపు చావదంటారు. బుడే నెలకోసారి తన పాత పచ్చ బోర్డుకి రంగు వేస్తూనే ఉన్నాడు. బెంచీకి కొత్త మేకులు కొట్టాడు. దేవకుమారి ముఠాలో ఇరవైమందే వచ్చేవాళ్ళు, తర్వాత పదిమంది, తర్వాత ఆమె ఒక్కతే వచ్చి కూర్చునేది. బుడేని ఆమె ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. "అన్నా, గ్లాసు టీ పొయ్యమను వదినని," అనేది మామూలుగానే. ఆమె చేతి ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. జోహరాబీ టీతో పాటు రొట్టెముక్క పెడితే, సగం తిని, సగం కొంగున కట్టుకునేది.

ఎండలు ముదిరాక దాచేపల్లి వైపు నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. సున్నపురాయి క్వారీలో రాయి మొయ్యటానికి మనుషులు కావాలన్నాడు. మొగవాళ్ళూ ఆడవాళ్ళూ ఎంతమందైనా సరే. రేపే రావాలన్నాడు. ఈసారి దేవకుమారి ఎవరినీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న అయిదింటికి తుమ్మచెట్ల కింద కాలు పెట్టడానికి సందు లేదు. మూటలు, బొచ్చెలు, పొయ్యి రాళ్ళు కూడా మోసుకొచ్చినవాళ్ళున్నారు. పల్లెకి పల్లె అంతా వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. జోహరాబీ ఉన్న పాలన్నీ పోసి అందరికీ టీ ఇచ్చింది. గ్లాసులు చాలలేదు, ఒకరు తాగాక ఒకరు తాగారు. బస్సు వచ్చి సరిగ్గా ఇనప గొట్టం దగ్గర ఆగింది. బుడే ఒక్కొక్కళ్ళనీ లెక్కపెడుతూ నిలబడ్డాడు. లెక్కపెట్టకుండా ఉండటం అతనికి చేతకాలేదు. నలభై ముగ్గురు ఎక్కారు.

కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ నవ్వాడు. పాపం, అతనికేం తెలుసు. "ఏమయ్యో బుడే! పదిమంది కోసం ఏడ్చావు, ఇయ్యాళ చూడు నీ సెంటర్లో జనం!"

దేవకుమారి చివరగా ఎక్కింది. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"బెంచీ ఎవరూ పీక్కుపోకుండా చూస్తా ఉండన్నా. కోతల నాటికి వస్తాం."

బస్సు వెళ్ళిపోయింది. బకెట్లో గ్లాసులన్నీ ఎంగిలివి. జోహరాబీ వాటిని కడిగి, తుడిచి, గోనెసంచిలో కట్టింది. "ఇంక ఎవరికని కాస్తానయ్యా?" అంది. వారం తిరక్కుండానే పేటలో ఒక పప్పుమిల్లులో పనికి చేరింది. జక్రయ్య పంపు తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళెవరూ కోతల నాటికి రాలేదు.

బస్సు మాత్రం రోజూ ఆగేది. మంజూరైన స్టాపు కదా. ఆగి, కండక్టరు పేరు అరిచి, ఎవరూ ఎక్కకపోతే రైట్ అనేవాడు. బుడే పేటలో పని లేని రోజుల్లో వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవాడు. తను చేసింది ఏమిటో అతనికి స్పష్టంగానే తెలుసు. ఒక చోటుని కాపాడటానికి మనుషుల్ని పోగొట్టాడు. మనుషులు పోయాక ఆ చోటుని ఏమంటారో అతని దగ్గర మాట లేదు.

ఎనభై తొమ్మిది డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం దాచేపల్లి బస్సులోంచి ఆదాం దిగాడు. మనిషి సగమయ్యాడు. జుట్టులోనూ కనురెప్పల మీదా తెల్లటి రాతిపొడి. చంకలో ఒక కొయ్య సిలువ ఉంది. దానికి సున్నం రంగు వేసి ఉంది, పేరు లేదు.

బుడే లేచి నిలబడ్డాడు. ఎవరిదని అడగలేదు.

"దగ్గు పట్టుకుంది బావా," అన్నాడు ఆదాం. "వానాకాలం నుంచి. పోయిన ఆదివారం పోయింది. అక్కడే పూడ్చాం. అక్కడా రాసేవాళ్ళున్నారు గానీ నాకు నచ్చలా. నువ్వయితే బాగా రాస్తావని తెచ్చా."

 బుడే సైకిలు మీంచి డబ్బా తెచ్చాడు. సిలువని బెంచీ మీద పడుకోబెట్టాడు. ఆ రోజు అరగంట కూర్చుని చూడవలసిన అవసరం లేదు. 'దేవకుమారి' అని రాశాడు. కింద 'ప్రభువునందు నిద్రించెను' అని, తేదీ రాశాడు. అక్షరం ఎక్కడా వంకర పోలేదు.

"ఊరు?" అన్నాడు. "నల్లగుంటపాడు అని రాస్తా."

"వద్దు. బుడే సెంటర్ అని రాయి."

బుడే బ్రష్షు ఆగిపోయింది.

"క్వారీలో ఎవురడిగినా అదే చెప్పేది బావా. మాది బుడే సెంటరు, అక్కడ మాకో బెంచీ ఉంది అనేది. ఊరి పేరు ఒక్కనాడూ చెప్పలా."

"ఇప్పుడిక్కడ సెంటరు లేదురా ఆదాం. నీకు కనపడట్లా? లేనిదాన్ని నేను రాయను."

ఆదాం సిలువ మీద ఆరని పేరు వైపు చూశాడు. "ఇదీ లేదుగా బావా. దీని పేరు రాయలా?"

 బుడే బ్రష్షు ముంచి, 'బుడే సెంటర్' అని రాశాడు. ఎప్పటిలాగే శ్రద్ధగా, గుండ్రంగా రాశాడు. రాస్తున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వాటిని భుజంతో తుడుచుకున్నాడు, చేత్తో తుడుచుకుంటే రంగు అంటుతుందని.

దాచేపల్లి బస్సు తిరిగి వచ్చేసరికి తడి ఆరలేదు. కండక్టరు అలవాటు ప్రకారం "బుడే సెంటర్, బుడే సెంటర్!" అని అరిచాడు. ఆదాం అక్షరాలు దేనికీ తగలకుండా సిలువని రెండు చేతులతో ముందుకి చాచి పట్టుకుని మెట్లెక్కాడు. లోపలున్నవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. ఆ రోజు ఆ స్టాపులో ఎక్కింది అతనొక్కడే.